రెండోసారి పిలవొద్దు

అంటార్కిటికా యాత్రకు పెట్టుకునే దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: అతిశీతల ప్రాంతాల్లో పూర్వానుభవం. మిగతావాళ్లు అందులో తాము ఎక్కిన మంచుకొండల పేర్లు రాసుకున్నారట. నేను ఎక్కిన కొండలేమీ లేవు. "ఎల్బీనగర్ వైపు కోల్డ్ స్టోరేజీ, బఠాణీల గది, ఆరు నెలలు" అని రాశాను. ఇంటర్వ్యూలో అది చదివి ముగ్గురూ నవ్వారు. అందులో ఒక పెద్ద సైంటిస్టు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను రాసింది అక్షరాలా నిజం.

మా నాయిన ఆ కోల్డ్ స్టోరేజీలో హమాలీ. నల్గొండ దగ్గరి పల్లెలో బోర్లు ఎండిపోయాక మన్సూరాబాద్ వచ్చి, మొదట పండ్ల మార్కెట్లో బుట్టలు మోసి, తర్వాత అక్కడ కుదిరాడు. ఆపిల్ పండ్ల గదిలో చలి ఫరవాలేదు, శాలువా కప్పుకుంటే ఆగుతుంది. బఠాణీలుండే గది వేరు. అక్కడ మైనస్ పద్దెనిమిది. గోడల వెంట గొట్టాల మీద అరచేతి మందాన మంచు పేరుకుని ఉంటుంది.

నా చదువు సూక్ష్మజీవుల మీద. అంటార్కిటికాలో మంచు కప్పని రాతినేలలు అక్కడక్కడా ఉన్నాయి. అక్కడి పలుగురాళ్ల కింద, ఆ తెల్లరాయిలోంచి దిగే పిసరంత వెలుతురు, రాయి అడుగున నిలిచే పిసరంత తడి పట్టుకుని కొన్ని జీవులు పచ్చటి పొరగా బతుకుతాయి. ఎవరో ఏరి, డబ్బాల్లో పెట్టి పంపిన రాళ్లనే నేను నాలుగేళ్లు మైక్రోస్కోపు కింద చూశాను. ఒక్క రాయినైనా నా చేత్తో తిరగేయాలి కదా? ఆ మాట ల్యాబులో అంటే, "మనం ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం, అక్కడ నువ్వేం తట్టుకుంటావులే" అన్నారు. నాయినతో అంటే, "మా చెలకల నిండ పలుగురాళ్లే బిడ్డా. ఆటి కింద తేలు తప్ప నేనేం సూడలే" అన్నాడు. కాసేపాగి, "సలి నేర్సుకోవాల్నంటే ఆదివారం పొద్దున నాతోని రా" అన్నాడు.

అలా ఆరు నెలలు ప్రతి ఆదివారం వెళ్లాను. మేనేజర్ను ఒప్పించింది నాయినే. వేసుకోవడానికి కుడి చేతి అంచు చిరిగిన మందపాటి మిలిటరీ కోటు ఇచ్చింది మాత్రం మామ. రక్తసంబంధం లేదు, ఒకప్పుడు నాయినతో జోడీగా బస్తాలు మోసిన మనిషి. ఇప్పుడు అల్మాస్‌గూడలో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఆయన కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే ఉంటాయి. మిగతా మూడూ మిషన్లో పోయాయని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ రెండు వేళ్లతోనే సీసాలోంచి చాక్లెట్ తీసి నా నోట్లో పెట్టేవాడు.

ఆ గదిలో నేను గ్లౌజులతో గాజుగొట్టాల మూతలు తీయడం, పెట్టడం నేర్చుకున్నాను. పెన్ను మొరాయిస్తే పెన్సిల్‌తో లేబుళ్లు రాశాను. నాయిన చెప్పిన పాఠాలు రెండే. మొదటిది: "సెమట పట్టనియ్యకు. సలి సంపదు, సెమట సంపుతది. పనికి దిగేముందే ఒక బట్ట ఇప్పెయ్యి, ఆగినంక ఏసుకో." రెండోది జోడీ పద్ధతి. ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా పోరు. బస్తాల వరసల మధ్య ఒకరికొకరు కనపడరు కాబట్టి ఒకరు "ఉన్నవా?" అని అరుస్తుంటారు, ఇంకొకరు "ఉన్న" అనాలి.

"జవాబు రాకుంటే రెండోసారి పిలవొద్దు. బస్తా ఆడనే ఇడిసి ఉరకాలె."

"మజాక్ చేస్తున్నడేమో?"

"మజాకైతే బయటికొచ్చినంక తిట్టుకుందం. ముందుగాల ఉరుకు."

అంత గట్టిగా ఎందుకు చెప్పాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ ముగ్గురూ నవ్వారు గానీ నన్ను కొట్టేయడానికి వాళ్లకు సాకు దొరకలేదు. ఆరోగ్య పరీక్షల్లో నెగ్గాను. మంచుకొండల్లో శిక్షణకు పంపితే అక్కడా ఏ రోజూ వెనకబడలేదు. యాత్ర జాబితాలో నా పేరు చూసి అమ్మ అడిగింది ఒక్కటే, "ఆడ ఎండాకాలంల పొద్దే గూకదట గదా, మరి నిద్రెట్ల?"

తీరా వెళ్లాక తెలిసింది, మా రాళ్ల బృందానికి లీడర్ ఇంటర్వ్యూలో కళ్లద్దాలు తుడుచుకున్న సారే. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాడు. మన డిసెంబరుకే మంకీ క్యాప్ లేకుండా పాల ప్యాకెట్‌కు కూడా బయటికి రాని మనిషి. అంతకుముందు ఒకసారి అంటార్కిటికా వచ్చాడు గానీ మన పరిశోధన స్టేషన్లోని ల్యాబ్ దాటలేదు. వచ్చిన రోజే నాతో అన్నాడు: "చూడమ్మా, మొదటిరోజు నువ్వు ఇబ్బంది పడ్డావంటే మిగతా యాత్రంతా స్టేషన్లోనే కూర్చోబెడతాను. నాకు రిస్క్ వద్దు."

అంటే నా నాలుగేళ్ల ఆశ ఆయన రాసే ఒక్క కాగితం మీద ఉంది.

మొదటిరోజు మంచుబండి మమ్మల్ని రాతిగుట్టల అంచున దింపింది. డ్రైవర్ బండిలోనే ఉన్నాడు. సార్ ఉన్న బట్టలన్నీ ఒంటి మీదే వేసుకుని, సుత్తి పట్టుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దూరానికే ముఖం ఎర్రబడింది.

"సార్, ఒక పొర తీసేయండి. చెమట పడితే కష్టం" అన్నాను.

"బఠాణీల గదిలో చెప్పారా?" అన్నాడు నవ్వుతూ.

"అక్కడే చెప్పారు సార్."

తీయలేదు. పైన ఆయన ఒక బండకు అటు, నేను ఇటు రాళ్లు ఏరుతున్నాం. గాలి లేచింది. నేలమీది మంచుపొడి మోకాలెత్తున పరుగెడుతోంది. నేను అలవాటుగా "సార్, ఉన్నారా?" అని అరిచాను. "ఎక్కడికి పోతానమ్మా?" అని విసుగ్గా జవాబు. కాసేపటికి మళ్లీ అరిచాను. "ఉన్నానమ్మా ఉన్నాను." మూడోసారికి ఒట్టి మూలుగు. నాలుగోసారి ఏమీ లేదు.

ఇంకోసారి పిలుద్దామని నోరు తెరిచాను. అబద్ధమెందుకు, నిజంగానే తెరిచాను. పెద్దాయన, లీడర్, అప్పటికే విసుక్కున్నాడు, పరుగెత్తుకెళ్తే తిడతాడు. అప్పుడు నాయిన మాట గుర్తొచ్చింది. అప్పటిదాకా ఏరిన సంచీ, సుత్తి అక్కడే పడేసి పరుగెత్తాను.

బండకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి గ్లౌజు లేదు. సంచీ మూతి ముడి వేయబోయి తీసినట్టున్నాడు, తొడుక్కోవడం మరిచిపోయాడు. చెమట పట్టి తడిసిన లోపలి బట్టలు మంచుముక్కల్లా తగులుతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఇంకో రెండు రాళ్లు... అయ్యాక పోదాం."

"లేదు సార్. ఇప్పుడే."

"నేను లీడర్ని. నేను చెబుతున్నాను."

"స్టేషన్‌కు పోయాక నా మీద మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. ఇప్పుడు లేవండి."

వినలేదు. ఆయన గ్లౌజు లేని చేతిని నా కోటు లోపలికి, చంక కిందికి లాక్కుని, నడుం పట్టి లేపాను. హమాలీ కూతుర్ని. బరువు ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు. దారంతా ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు, నేను రేడియోలో డ్రైవర్ను పిలుస్తూనే ఉన్నాను.

స్టేషన్ డాక్టరు ఆయన చేతిని చాలాసేపు చూసి, "వేళ్లు దక్కాయి" అన్నాడు.

రెండు రోజులు సార్ నాతో మాట్లాడలేదు. ఇక నా పని స్టేషన్లో కప్పులు కడుక్కోవడమే అనుకున్నాను. రెండు రోజులూ కోపంతో నేను సరిగా తినలేదు కూడా. మూడో రోజు టిఫిన్ దగ్గర ఆయన నా ఎదుట కూర్చుని, పళ్లెంలోకి చూస్తూ, "రేపు మళ్లీ వెళ్దాం. నువ్వు పిలుస్తూ ఉండు" అన్నాడు. మరునాడు గుట్ట కింద తనే ఒక కోటు విప్పి చంకన పెట్టుకున్నాడు.

ఆ రోజే నా చేత్తో మొదటి పలుగురాయి తిరగేశాను. అడుగున గోరింటాకు ముద్ద పూసినట్టు పచ్చగా ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయనుకున్నాను. తిరగలేదు, పొగరొచ్చింది. ఇక్కడెవరూ బతకరని అందరూ తేల్చేసిన చోట ఇది ఎవరినీ అడక్కుండా బతుకుతోంది. శెభాష్ అన్నాను దానితో, పైకే.

తిరిగొచ్చాక కోల్డ్ స్టోరేజీ ముందున్న చాయ్ బండి దగ్గర నాయినకు ఇదంతా చెప్పాను. మంచు గురించి, రాయి గురించి ఊకొడుతూ విన్నాడు. సార్ జవాబివ్వని దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు పిలిచినవ్?"

"జవాబు రాకపోయినంక మళ్ల పిలవలే. ఉరికిన."

గ్లాసు మళ్లీ ముట్టలేదు. చాయ్ చల్లారిపోయింది.

"నేను మూడుసార్లు పిలిచిన బిడ్డా" అన్నాడు. "మజాక్ చేస్తున్నడనుకున్న. నవ్విన గూడ. పోయి సూస్తే కింద పడున్నడు, చెయ్యి గొట్టానికి అతుక్కపోయింది. మిషన్ల పోయినయని మీ మామనే అందరికి చెప్పిండు. నా మీదికి మాట రానియ్యలే."

నేను ఆరు నెలలు తొడుక్కున్న కోటు ఆ రోజు మామ ఒంటి మీదున్నదేనని, దాని కుడి చేతి అంచు ఎందుకంత చిరిగి ఉండేదో అప్పుడు తెలిసింది. నాయిన చెయ్యి పట్టుకున్నాను.

మరుసటి యాత్రకు దరఖాస్తు మొన్ననే నింపాను. పూర్వానుభవం గడిలో అంటార్కిటికా అని రాయొచ్చు, ఇప్పుడు నాకా హక్కుంది. రాశాను కూడా, రెండో వరసలో. మొదటి వరసలో మళ్లీ బఠాణీల గదే రాశాను, పెద్దక్షరాలతో. పక్కన ఇంకో మాట చేర్చాను: శిక్షణ ఇచ్చినవారు ఇద్దరు హమాలీలు, ఇద్దరికీ కలిపి పదిహేడు వేళ్లు.

ఇప్పుడు నవ్వమనండి.