పెద్ద గిన్నెలో శనగలు

"గుగ్గిళ్ళేంటండీ అత్తయ్యగారూ! మరియమ్మ తల్లి మనింటికొస్తుంటే గుగ్గిళ్ళా? మొన్న చివరింటివాళ్ళు చికెన్ పలావు పెట్టారు. నేను హోటల్లో ఇడ్లీ, వడ చెప్పేశాను."

"చెప్పినదానివి వద్దని చెప్పు. శనగలు పొద్దున్నే నానబోశాను."

"మీ అబ్బాయికి రొయ్యల చెరువుంది. పిసినారివాళ్ళంటారు."

"అనేది నన్నే కదా, అననీ. కొత్తగా అంటారా ఏంటి?"

అక్టోబరు మాకు జపమాల మాసం. తల్లి స్వరూపాన్ని రోజుకో ఇంట్లో పెట్టుకుని, సాయంత్రం పేటంతా చేరి జపమాల చెప్పుకుంటాం. మర్నాడు పక్కింటికి సాగనంపుతాం. నా చిన్నప్పుడు వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు, బెల్లం ముక్క. ఇప్పుడు సీరియల్ లైట్లు, మైకు, ప్లేట్లలో టిఫిన్లు. ఒకరిని చూసి ఒకరు.

కోడలు మూతి ముడుచుకునేసరికి సంగతి చెప్పాల్సి వచ్చింది. మా తర్వాత తల్లి వెళ్ళేది పక్కింటి ఒంటరావిడ ఇంటికి. లేసు అల్లుకుని బతికే మనిషి. కంటి ఆపరేషనయ్యాక డాక్టరు సూది పట్టొద్దన్నాడు. నిన్న కుళాయి దగ్గర నా చెవిలో అంది: "పిన్నిగారూ, ఈ ఏడు తల్లిని మా గుమ్మం ఎక్కించకుండా పై ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని చర్చి ఉపదేశి గారితో మీరే చెప్పండి. వచ్చినవాళ్ళకి నేనేం పెట్టగలను?"

ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచి తల్లి ఆ గుమ్మం తొక్కని ఏడు లేదు. పోనీ మనం ఇద్దామంటే తీసుకోదు. గిన్నెడు కూర పంపితే, ఆ గిన్నెలో ఏదో ఒకటి వేసి గాని తిరిగి పంపదు.

"మనింట్లో వడలు తిన్నవాళ్ళకి రేపు ఆవిడేం పెడుతుందే? మనం గుగ్గిళ్ళు పెడితే ఆవిడా గుగ్గిళ్ళు పెట్టుకుంటుంది."

"మరి అందరికీ ఆ మాటే చెబుదాం. మనకెందుకీ మాట పడటం?"

"కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షరసం నిండుకుందని ఈ తల్లి మైకులో చెప్పిందా? మెల్లిగా కొడుక్కి చెప్పింది."

కోడలు ఫోను పట్టుకుని విసురుగా పెరట్లోకి పోయింది. హోటలుకి వద్దని చెప్పడానికో, వాళ్ళమ్మకి నా మీద చెప్పడానికో నాకు తెలియలేదు. కాసేపటికి వచ్చి శనగలు పొయ్యి మీద పెట్టింది. ఉప్పు మాత్రం నేనే వేశాను. ఆ పిల్ల వేస్తే ఎక్కువవుతుంది.

సాయంత్రం జపమాల అయింది. గుగ్గిళ్ళు పంచుతుంటే ఒకావిడ అననే అంది:

"ఏమ్మా, రొయ్యలమ్ముకునే ఇంట్లో గుగ్గిళ్ళేనా? తల్లిని పస్తు పెట్టేట్టున్నారే!"

గోడవార కూర్చున్న పక్కింటావిడ తల దించుకుంది. కోడలు మొహం ఎర్రబడింది. నోరు జారుతుందేమో అనుకున్నాను.

"మా అత్తగారి పొదుపండీ! ఆవిడ రాజ్యంలో ఇంతే. ఇంకాస్త పెట్టనా?" అని నవ్వేసింది.

అందరూ నవ్వారు. నేను మొహం గంటు పెట్టుకునే కూర్చున్నాను. పెళ్ళిపీటల మీద కూడా ఆ పిల్ల నాకంత ముద్దుగా కనపడలేదు. ఆ మాట దానికి చెప్పలేదనుకోండి.

మర్నాడు పొద్దున్నే పక్కింటావిడ నల్లకళ్ళజోడు పెట్టుకుని మా పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నిగారూ, మీ పెద్ద గిన్నె ఓసారి ఇస్తారా? శనగలు నానబొయ్యాలి."

కోడలు గిన్నె తోమి ఇచ్చింది.