గంగేకి తొమ్మిది మంది పిల్లలు

గొల్లపల్లి సంతలో ఒక రోజు సన్యాసిరావు ఉల్లిపాయలు ఏరుకుంటూ, నందే తన సంసారాన్ని మొగుడు భీమా నెత్తిన పడేసి వెంకన్న దగ్గర చేరిందని పక్కనున్న మనిషితో అన్నాడు. అవతలి కొట్లో బెల్లం బేరమాడుతున్న నందే వాళ్ళ అన్న చెవిన ఆ మాట పడింది. అతను బెల్లం అక్కడే వదిలేసి, ఇద్దరు పెద్దమనుషుల్ని జీపెక్కించుకుని నందే అత్తవారి ఊరు తుంగమడుగు వచ్చాడు. వచ్చేసరికి భీమా వాకిట్లో పిల్లను చంకనేసుకుని గంజి కాస్తున్నాడు. నందే ఇంట్లో లేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చాప మీద కూర్చున్నారు. నందే తుంగమోపు ఎత్తుకుని ఇంటికి వచ్చేదాకా పంచాయతీ నడుస్తూనే ఉంది. మధ్యలో వెంకన్నను పిలిపించారు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. ఈ వయసులో తనకంత పేరు వచ్చినందుకు ఊరు మొత్తం మీద ఆయనొక్కడే సంతోషించాడు.

సన్యాసిరావుకి బీడీ అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు. ఉన్న అలవాటు ఒక్కటే. మడుగులో ఉన్న పిట్టలకి ఊళ్ళోవాళ్ళ పేర్లు పెడతాడు. పెట్టి ఊరుకోడు. ఆ పేర్లతోనే వాటి మంచీ చెడ్డా కనపడ్డవాళ్ళందరికీ చెబుతాడు. తామరాకుల మీద నడిచే పొడుగువేళ్ళ పిట్టల్లో ఆడది గుడ్లు పెట్టి మగదానికి అప్పజెప్పడం, తను ఇంకో మగదాన్ని వెతుక్కోవడం మామూలే. ఆ సంగతి నందే అన్నకి విడమరిచి చెప్పడానికి సన్యాసిరావు భార్య ప్రమీలారాణి రెండు విడతలు టీ పెట్టాల్సి వచ్చింది.

సన్యాసిరావు కిరండూల్ రైల్వే కాలనీలో పుట్టాడు. తండ్రి విజయనగరం వైపు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్. కొడుకు అటవీ శాఖలో బీట్ గార్డై, పదకొండేళ్ళ కిందట తుంగమడుగుకి వచ్చాడు. రెండు మైళ్ళ పొడుగున నీళ్ళు, తుంగ, తామరలు, వాటి నిండా పిట్టలు. ప్రమీలారాణికి పక్కనే ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం. ఊళ్ళో దోర్లా, గోండీ, హిందీ, తెలుగు అన్నీ నడుస్తాయి. నాలుగు భాషల్లోనూ ఆమెకు అర్థం కాని మనిషి తన మొగుడే.

ఒక ఉదయం ఆయన ఇంట్లోకి వస్తూనే, బిజ్జా మళ్ళీ ఎండలో చేతులు రెండూ బార్లా చాపి నిలబడ్డాడనీ, ఒంటి మీద నూలుపోగు లేదనీ, గొంతుకు అడ్డంపడేంత చేపను నమలకుండా మింగాడనీ చెప్పాడు. చెప్పింది నీటికాకి గురించి. సర్పంచ్ బిజ్జా ఆ సమయానికి వాళ్ళ వరండాలోనే, బీపీ చూపించుకోవడానికి చొక్కా చేయి పైకి మడిచి కూర్చున్నాడు. ప్రమీలారాణి బీపీ చూసింది. రోజూ కన్నా ఇరవై ఎక్కువుంది. ఆమె చీటీ మీద కారణం దగ్గర ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేసింది.

అన్నిటికన్నా ఆమె తల తీసేసినంత పని చేసింది గంగే వ్యవహారం. మడుగు గట్టు మీద ఒక్క చోటే ఫోన్ పలుకుతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. ఒక మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం ఫోన్లో సన్యాసిరావు గొంతు వినపడింది. గంగే... తొమ్మిది మంది... అందరూ క్షేమం... తొందరగా రా. అంతే, లైను పోయింది. ఎదురుగా వరసలో ఉన్న రోగుల్ని అలాగే వదిలేసి, ఏ గంగే అని కూడా ఆలోచించకుండా, కాన్పు సంచి భుజానికి తగిలించుకుని, ప్రమీలారాణి మైలు దూరం బురదలో పరిగెత్తింది. గట్టు మీద గంగే కాళ్ళు చాపుకుని తామరగింజలు ఒలుచుకుంటోంది. ఆమెకు అరవై అయిదేళ్ళు. మొగుడు పోయి ఇరవై ఏళ్ళు.

“ఏంది సిస్టరమ్మా, ఉరికొస్తున్నవ్. ఎవరికి నొప్పులు?”

“నీకేనంట,” అంది ప్రమీలారాణి రొప్పుతూ.

గంగే ఆలోచించింది. “నాకు తెల్వదే మరి.”

తుంగ చాటు నుంచి ఈలబాతు ఒకటి తొమ్మిది పిల్లల్ని వెనకేసుకుని నీళ్ళలోకి దిగింది. దాని వెనకాలే మోకాళ్ళ లోతు బురదలో, పెళ్ళిలో ఆడపిల్ల తండ్రిలా వెలిగిపోతూ సన్యాసిరావు తేలాడు. ఆ వారమంతా ఆయనకు ఇంట్లో చారు తప్ప కూర దొరకలేదు.

ఇలా నవ్వులతో నడిచిపోతున్న మడుగుకి పై ఆఫీసు నుంచి ప్రకాష్ సాహెబ్ వచ్చాడు. మంచివాడే, కాకపోతే కాగితాన్ని నమ్మే మనిషి. ఆయన కాగితాల ప్రకారం చుట్టుపక్కల ప్రతి బీట్‌లోనూ వేట కేసులున్నాయి, తుంగమడుగులో మాత్రం పదకొండేళ్ళలో ఒక్కటీ లేదు. అంటే గార్డు నిద్రపోతున్నాడు, లేదా ఊరితో కుమ్మక్కయ్యాడు. రెంటికీ మందు ఒక్కటే. మడుగు చుట్టూ ముళ్ళకంచె వేసి, ఊళ్ళోవాళ్ళెవరూ లోపల అడుగు పెట్టకుండా చెయ్యాలి. కంచె కాగితం ఆయన సంచిలోనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

స్కూలు వరండాలో మీటింగ్ పెట్టారు. ఊరంతా వచ్చింది. గంగే అందరికన్నా ముందు వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమెకు చేను లేదు, చెలక లేదు. తామరగింజలు, నత్తలు, తుంగచాపలు, ఆమె బతుకంతా ఆ నీళ్ళలోనే ఉంది. కంచె పడితే ఆమె చేతికి పని ఉండదు, కుండకి గింజ ఉండదు.

సాహెబ్ పిట్టల రిజిస్టర్ తెమ్మన్నాడు. సన్యాసిరావు దాన్ని తెలుగులో రాసుకున్నాడు. సాహెబ్‌కి తెలుగు రాదు. గార్డే చదివితే తాను నమ్మనని ఆయన అనడంతో, చదివి హిందీలో చెప్పే పని ప్రమీలారాణి మెడకు చుట్టుకుంది. పదకొండేళ్ళలో ఆమె ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారి.

బిజ్జా ఈ ఏడు నాలుగు పిల్లల్ని లేపాడు అని చదివింది. జనం కిసుక్కుమన్నారు. వెంకన్న పోయినేడు పాత జతను వదిలేశాడు అని చదివింది. వెంకన్న మీసం సవరించుకున్నాడు. తాను పిట్టల లెక్క అడిగితే ఓటర్ల లిస్టు ఎందుకు చదువుతున్నారని సాహెబ్ విసుక్కున్నాడు. ప్రమీలారాణి సిగ్గుతో చచ్చిపోతూ పేజీ తిప్పింది. ప్రతి పేరు పక్కనా ఒక తేదీ ఉంది, తేదీ పక్కన ఒక్క మాట. బిజ్జా, వల. నందే, భీమా, గుడ్లు నాలుగు. వెంకన్న, ఉచ్చు. గంగే, గుడ్లు తొమ్మిది.

ఇదేంటని సాహెబ్ అడిగాడు.

గంగే స్తంభం పట్టుకుని లేచింది.

“అది నా కేసు సారూ. ఈయన వచ్చిన కొత్తల నా కొంగుల బాతుగుడ్లు దొరికినయ్, తొమ్మిది. కేసు కాయితం తీసి పేరేంది అన్నడు. గంగే అని చెప్పిన. నా గుడిసె దిక్కు చూసిండు, కాయితం మడిచి జేబుల పెట్టిండు. ఈ పుస్తకంల రాసిండు. ఇయాళ్టి నుంచి ఆ బాతు పేరు గంగే, దాని మంచీ చెడ్డా నువ్వే చూడాలె అన్నడు. నా పేరున్నదాన్ని నేనెట్ల తింట?”

ప్రమీలారాణి హిందీలోకి మార్చి చెప్పినా సాహెబ్‌కి ముందు అర్థం కాలేదు గానీ వరండాలో ఉన్న అందరికీ అర్థమైంది. అక్కడ ఒక్కో వంశానికి ఒక్కో ప్రాణి చుట్టం. తాబేలు చుట్టమైనవాళ్ళు ఆకలితో ఉన్నా తాబేలు జోలికి పోరు. సన్యాసిరావు ఆ ఆచారాన్ని పట్టుకుని, చట్టంలో లేని కొత్త చుట్టరికాలు కలిపాడు.

అప్పుడు బిజ్జా లేచి, ఆ వల తనదేనన్నాడు. సర్పంచే ఒప్పుకున్నాక మిగతావాళ్ళకి మొహమాటం ఏముంది. భీమా లేచాడు, నందే అతన్ని వెనక్కి లాగి, గుడ్లు తీసింది తానైతే మధ్యలో ఈయనెవరంది. వెంకన్న తన ఉచ్చు ఎలా పన్నాడో చేతులతో చూపించబోతే నలుగురు కలిసి కూర్చోబెట్టారు. అందరి పేర్లూ కలిపితే ముప్పైనాలుగు. అందులో ఒక్కరూ రెండోసారి పట్టుబడలేదు. పైగా తమ పేరు పిట్ట గూట్లో చెయ్యి పెట్టబోయిన పక్కూరివాళ్ళని తరిమిందీ వాళ్ళే.

సాహెబ్ ముప్పైనాలుగు మందిని ఎక్కించడానికి తన జీపు చాలదనుకున్నాడో, గట్టు మీద నుంచి మడుగు చూశాక మనసు మారిందో, కంచె కాగితం వెనక్కి తిప్పి దాని మీదే కొత్తగా రాశాడు. పిట్టలు పొదిగే నెలల్లో తుంగ వైపు ఎవరూ పోకూడదు. మిగతా రోజుల్లో గింజలు, నత్తలు, తుంగ ఎప్పటిలాగే తీసుకోవచ్చు. కాపలా ఆ ముప్పైనాలుగు మందిదే. రిజిస్టర్లో ప్రతి పేరు పక్కనా పిట్ట అసలు పేరు కూడా తప్పకుండా రాయాలి. చివరి మాట ఆయన రెండుసార్లు చెప్పాడు. గంగే ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, అంతా బాగానే ఉందని చెప్పి, గింజల బుట్ట ఎత్తుకుని మడుగు వైపు వెళ్ళిపోయింది.

ప్రమీలారాణి రిజిస్టర్ చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది. సన్యాసిరావు రెండు అడుగులు వెనకగా జాగ్రత్తగా వస్తున్నాడు. వాకిట్లోకి వచ్చాక ఆమె తిరిగి నిలబడింది.

“ఊరందరి పేర్లూ పెట్టారు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినదాన్ని, నా పేరు ఒక్క పిట్టకైనా పెట్టాలని తోచలేదేటండీ మీకు?”

“నువ్వు ఒక్కసారైనా దొరికితే కదే, పెట్టడానికి,” అన్నాడు సన్యాసిరావు.