వదిన తెచ్చిన బిళ్ళగన్నేరు

బిళ్ళగన్నేరుకు పూటపూటా నీళ్ళు పోసేవాళ్ళను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. దానికి కావలసింది ఎండ తల్లీ, ఎండ! నీడ పడని జాగాలో, నీళ్ళు నిలవని గుల్ల నేలలో పెట్టి దాని మానాన దాన్ని వదిలేస్తే ఏడాది పొడుగునా పూస్తుంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి మా ఇంట్లో ఎంత ఏడుపయిందో తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే అవ్వ గుర్తొస్తుంది.

అప్పటికి హాలియా దగ్గరి మా ఊరికి సాగర్ కాలువ రాలేదు. డ్యాం ఇంకా కడుతున్నారు. అక్కడ పనిచేసే మా అన్నకు, బందరు నుంచి పనికొచ్చిన ఒక మేస్త్రీ కూతురితో పెళ్ళయింది. వదిన మా ఇంటికొచ్చిన రోజు ఆమె చంకలో ఒక రేకు డబ్బా ఉంది. డబ్బా నిండా సముద్రపు ఇసుక, అందులో గులాబీ రంగు పూల మొక్క. వదిన తల్లి పోయి ఏడాది కూడా కాలేదు. ఆవిడ వాకిలి నుంచి వదినకు మిగిలింది ఆ ఒక్క మొక్కే. మా వాడలో అలాంటిది ఎవరింట్లోనూ లేదు.

అవ్వ, అంటే మా బాపు తల్లి, దాన్ని చూసి తెగ మురిసిపోయింది.

"అయ్యో, గీ ఇసుకల ఏం బలముంటది బిడ్డా!" అంటూ ఆ ఇసుకంతా గోడ అవతల మొరం కంకర కుప్ప మీద పారబోసింది. జాలారు పక్కన, వేపచెట్టు నీడలో గుంత తవ్వి, చెరువు మట్టి, మేకల ఎరువు వేసి మొక్క నాటింది. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పారేది జాలారు దగ్గరే. మా ఇండ్లలో ముద్దుగా సాకే చెట్టుకు ఆ చోటే ఇస్తారు.

ఎండాకాలం వచ్చింది, బావి అడుగంటింది. అయినా తాగడానికి మోసుకొచ్చిన కడవలోంచి అవ్వ దానికో చెంబెడు పోసేది. ఆకులు పసుపెక్కాయి. "దూప అయితాంది పాపం" అని ఇంకో చెంబు పోసింది. మొక్క మరింత వాడింది. వదిన ఒకసారి నసుగుతూ చెప్పి చూసింది.

"మామ్మగారూ, దానికి నీళ్ళు అంతగా అక్కర్లేదండీ."

అవ్వ మొహం చిన్నబోయింది. "ఏం బిడ్డా, మా నీళ్ళు నీ చెట్టుకు పడయా?"

నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో పోసిన నీళ్ళు వద్దంటే, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయినంత తప్పు.

ఒక మధ్యాహ్నం ఆమె గడ్డివాము వెనక కూర్చుని ఏడుస్తుంటే చూశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఉరికాను.

"అవ్వా, వదిన ఏడుస్తాంది! చెట్టు సచ్చిపోతాందని!"

అవ్వ చేతిలో చేట అక్కడే పడేసి వచ్చింది. "మీ అమ్మ దీన్ని ఎట్ల సాకిందో చెప్పు బిడ్డా."

"ఏమీ చేసేది కాదండీ. ఇసుకలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో దానంతటదే పెరిగేది."

అవ్వ జాలారు దగ్గరికి పోయి మొక్కను కదిపింది. కుళ్ళిన వేళ్ళతో సహా చేతికి ఊడొచ్చింది.

"నా చేతులు ఇరగ! నీళ్ళు వోసి వోసి సంపితి గదనే!" అని అక్కడే చతికిలబడింది. చివరికి వదినే ఆమెను ఊరడించాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు అవ్వ వదిన మొహం వైపు సరిగా చూడలేదు.

వానలు పడ్డాయి, వెలిశాయి. మళ్ళీ ఎండలు కాశాయి. ఒక పొద్దున, పెరట్లో బీరపాదుకని చెంబు పట్టుకుపోయిన అవ్వ గోడ అవతలికి తొంగిచూసి ఒక్క కేక పెట్టింది.

"ఉరుకు బిడ్డా! మీ అమ్మ మొలిచింది!"

ఆమె పారబోసిన ఇసుకలో ఎప్పటివో విత్తులు ఉన్నాయి. పేడ లేదు, నీడ లేదు, మొరం కుప్ప మీద గుంపుగా మొలిచి, అప్పుడే రెండు పూలు కూడా పూశాయి. వదిన వాటి ముందు కూలబడి, అమ్మా అమ్మా అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

అవ్వ చెంబును వెనక్కి దాచుకుంది. "నేను వొయ్యను లే. ఒట్టు! ఊకనే చూస్తున్న" అంది.

తర్వాత వదిన పక్కన కూర్చుని, గడ్డం ఎత్తి పట్టుకుని, ఆ చెంబెడు నీళ్ళూ వదినతో తాగించింది.