కరెంటు పోయినప్పుడు వినబడిన మాట

నగరిలో మా వీధివాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఇంటింటా మరమగ్గాలు. అమ్మ, నాయన ఒకే గదిలో చెరో మగ్గం దగ్గర నిలబడి సంసారం సంగతులన్నీ అరుచుకుంటూనే చెప్పుకున్నారు. చిన్నప్పుడు ఆ మోత ఆగితే నాకు మెలకువ వచ్చేది. ఇప్పటికీ అందులో కళ్లు మూసుకుంటే, ఇల్లు ఇల్లంతా నెమ్మదిగా ఎక్కడికో కదిలిపోతున్నట్టు ఉంటుంది.

చాలా ఏళ్లు టీవీ సీరియళ్ల ప్రొడక్షన్‌లో పనిచేశాను. ఎవరో ఊహించిన పెళ్లికి పందిరి వేయించడం, ఎవరో రాసిన ఏడుపుకు గ్లిజరిన్ తెప్పించడం నా పని. ఒకరోజు అలాంటి పందిరి కింద కూర్చుని, ఈ ఊహ నాదైతే ఎలా ఉండేదో అనుకున్నాను. అంతే, ఆ ధ్యాస నన్ను వదల్లేదు. ఉద్యోగం మానేసి తిరుపతిలో ఒక గది తీసుకుని, కొత్త సీరియళ్లకు ఆలోచనలు అల్లి చానళ్లకు వినిపించడం మొదలుపెట్టాను.

ఈ పని అమ్మకు అర్థం చేయించడం నా వల్ల కాలేదు. మా వైపు 'కతలు పడటం' అంటే సాకులు చెప్పడం.

"పని మానేసి ఏం సేస్తాండావు మే?"

"కథలు చెప్తాండాను."

"అది సిన్నప్పట్నుంచీ సేసేదే గదా."

చానళ్లవాళ్లు వరసగా వద్దన్నారు. కథలో ఏముందని వాళ్లు అడిగితే, ఎక్కడ తీయవచ్చో, వాన వస్తే ఏం చేయాలో చెప్పేదాన్ని. నోరు ఇంకా ప్రొడక్షన్‌లోనే ఉంది. అంతలో పాత కంపెనీవాళ్లు మళ్లీ రమ్మన్నారు. ఇంకొక్క చానల్‌కు చెప్పి చూసి, అదీ కాదంటే వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అలా అనుకున్నాక ఒంటరిగా ఉండబుద్ధి కాలేదు. నగరి బస్సెక్కాను.

మధ్యాహ్నం వీడియో కాల్. మగ్గాల గదికి ఆనుకున్న గదిలో తలుపు వేసుకుని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించాను. కిటికీలో, ముక్కులా ఉంటుందని మేం ముక్కు కొండ అనే మా ఊరి కొండ ఎండకు పలచబడి, ఉందో లేదో తెలియకుండా ఉంది. నేను మళ్లీ లొకేషన్ల దగ్గరే మొదలుపెట్టాను. చానల్ మేడమ్ ఆవులింత ఆపుకుంటోంది. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడే కరెంటు పోయింది. వీధిలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలోకి, నాయనతో ఏదో చెబుతున్న అమ్మ గొంతు పూర్తి కేకతో వచ్చి పడింది.

"దానికి సెప్పబాకయ్యా, అది కత సెప్తా ఉంటే నాకు మగ్గం ఆపేసి ఇనాలనిపిస్తాది."

ఎదురింటి అరుగు మీద ఎవరో నవ్వు ఆపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"ఎవరది?" అంది మేడమ్.

ఆమెకు మా వీధి గురించి చెప్పాను. మోత చాటున ఎవరూ వినరనుకుని అందరం మనసులో మాట అరిచేస్తాం. కరెంటు పోతే, నోట్లో సగంలో ఉన్న మాట వీధంతటికీ వినబడుతుంది. పక్కింటి పెళ్లి సంబంధం అలాగే బయటపడింది, వెనకింటి కోడలు వేరు కాపురం పెట్టాలనుకోవడమూ అంతే. విన్నవాళ్లు విననట్టు ఉంటారు, అదే మా మర్యాద. ఎలా తీయాలో ఒక్క ముక్క చెప్పలేదు. అసలు గుర్తే రాలేదు.

మేడమ్ ఫోన్‌కు దగ్గరగా జరిగింది. "మీరు చెప్పాల్సిన కథ ఇదండీ. ప్రతి ఎపిసోడూ కరెంటు పోవడంతో మొదలుపెట్టండి. మొదటిది రాసి పంపండి," అంది.

నేను బయటికి వచ్చేసరికి కరెంటు ఇంకా రాలేదు. అమ్మ తలెత్తకుండా తెగిన పోగు ముడేస్తోంది.

"ఏమన్నారు మే?"

"రాయమన్నారు. నువ్వన్న మాట వాళ్లకూ వినబడిందంట."

"నేనేమంటిని? కతలు పడొద్దు," అంది.

కరెంటు వచ్చింది. అమ్మ మాత్రం మగ్గం వేయలేదు. పక్కనున్న పీట నా వైపు జరిపి, "సెప్పు," అంది.