పాలు ఇంటికే వచ్చిన రోజులు

ఎదురింటి గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ అలాగే ఉంది. పిల్లలను స్కూల్ ఆటో ఎక్కించి వెనక్కి తిరిగానంతే, అది కంట్లో పడింది. ఎనిమిదిన్నర దాటింది. పాలు ఇంకా లోపలికి పోలేదంటే ఆ ఇంటి అవ్వకు ఏదో అయింది. నేను ఎప్పుడూ చెడ్డదే ముందు ఊహించే మనిషిని. వీధి దాటే పది అడుగుల్లోనే అవ్వ బాత్రూంలో పడిపోయి ఉండడం, అంబులెన్స్ రావడం, అన్నీ చూసేశాను.

తలుపు ఓరగా తీసి ఉంది. అవ్వ కుర్చీలో కూర్చుని ఉంది. దెబ్బ లేదు, జ్వరం లేదు.

"ఏంది పాపా, దెయ్యాన్ని చూసినట్ల ఉరికొస్తావు?"

"పాలు ఎండలో ఉండాయి అవ్వా. తీసుకోలేదే?"

"తీసుకోవాలని తోచలే."

"మరి కాఫీ?"

"అదీ తోచలే."

అవ్వ తట్టాంచావడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసి రిటైరైంది. తాత పోయి రెండేళ్ళు. అప్పటినుంచి ఒంటరిగానే ఉంటూ, రోజూ తెల్లవారగానే వీధి చివరి పాల బూత్‌కు నడిచేది. అరలీటరు పాలకు గంట పట్టేది. క్యూలో ఆమె నవ్వు మా వంటింట్లోకి వినిపించేది. వానాకాలంలో ఒకసారి కాలు జారిందని నేనే భయపడి, మాకు పాలు వేసే ఆయనతో మాట్లాడి ఇంటికే వచ్చేలా చేశాను. మంచి పని చేశానని గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత నెలన్నరలో అవ్వ గేటు దాటడం నేను చూడలేదు. విశ్రాంతి తీసుకుంటోందనుకున్నాను.

"రేపట్నుంచి మళ్ళీ బూత్‌కు పో అవ్వా. నలుగురితో మాట్లాడేది నీకు ఇష్టం కదా."

అవ్వ నవ్వింది. "ఇష్టమా? ఎవురు చెప్పినారు నీకు? లేస్తానే మనసు వద్దంటాది. పోయి ఎవురితో ఏం మాట్లాడేది అంటాది. 'పాలు లేకుంటే కాఫీ లేదు, లెయ్యే ముసలీ' అని నన్ను నేనే తిట్టుకొని పోయేదాన్ని. యాడన్నా ఎవురన్నా పలకరిస్తే, అప్పుడు కొంచెం బాగుంటాది. దినామూ ఇదే పాట. ఇప్పుడు పాలు ఇంటికే వస్తాండాయి. ఏం చెప్పి లేపేది ఈ ముసలిదాన్ని?"

ఆమెది పుట్టుకతో వచ్చిన కలుపుగోలుతనం అనుకున్నాను. ఆ నవ్వు వినపడే ముందు, మూసిన తలుపు వెనక, డెబ్బై దాటిన మనిషి ప్రతి తెల్లవారుజామునా తన మనసుతో తలపడి గెలిచిందని నాకేం తెలుసు? చూసేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళు లేరు. పిల్లల టీచర్‌తో మాట్లాడాల్సి వస్తేనే రెండు రోజులు వాయిదా వేసే నేను, ఆమె పగిలిన మడమల వైపు చూస్తూ నిలబడిపోయాను. ఆమెకు ఉన్న ఒక్క సాకునూ తీసేసింది నేనే. ఇంకొన్నాళ్ళు ఇలాగే కూర్చుంటే ఇక లేవదేమోనని భయం పట్టుకుంది.

"రేపు మాతో బూత్‌కు వస్తావా?" అన్నాను.

"చూద్దాంలే" అంది, నా వైపు చూడకుండా.

ఆ మధ్యాహ్నమే పాలాయనకు ఫోన్ చేసి రెండిళ్ళకూ పాలు ఆపించాను. మరునాడు ఆరు కాకముందే కూతుళ్ళిద్దరినీ లేపాను.

"ఈ పొద్దు మన ఇంట్లోనూ పాలు లేవు, అవ్వ ఇంట్లోనూ లేవు. సంచి తీసుకొని పోయి, బూత్‌కు తోడు రమ్మని అవ్వను పిలవండి."

"రానంటే?" అంది చిన్నది.

"గేటు దగ్గరే నిలబడండి. చెయ్యి పట్టి లాగొద్దు. అవ్వ లోపల చానా కష్టమైన పని చేస్తా ఉంటాది. అయ్యేదాకా ఆగండి."