ఆరు శుక్రవారాలు

పన్నెండేళ్ళుగా ఒక మాట నా గొంతు దాటలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ఈ గల్ఫ్ దేశంలో, సల్మాబాద్ లేబర్ క్యాంపులో నేను స్టోర్‌కీపర్ని. లెక్కలు బడిలో నేర్చుకున్నవి కావు, సొంతంగా నేర్చుకున్నవే. బోల్టుల నుంచి బస్సు సీట్ల దాకా ఏది కనబడినా లెక్కపెడతాను. యేసుబాబు మా క్యాంపులోనే వెల్డరు. ఇక్కడ శుక్రవారమే సెలవు కనుక మా తెలుగువాళ్ళ ఆరాధన కూడా ఆ రోజే. అందులో గిటారు వాయించేది అతనొక్కడే.

పన్నెండేళ్ళ కిందట, దగ్గర్లోని అవాలి ఊళ్ళో కొందరు కలిసి తొలినాటి రాక్ అండ్ రోల్ గాయకుల మీద పాటల నాటకం వేస్తున్నారని విని, వెళ్ళి వాయించి చూపాడు. నాకు ఇంగ్లీషు వస్తుందని వాళ్ళకి నా ఫోన్ నంబరు ఇచ్చాడు.

ఫోను వచ్చింది. అతన్ని తీసుకున్నారు. రిహార్సల్స్ ఆరు శుక్రవారాలు, సరిగ్గా మా ఆరాధన వేళకే. అతనికి డ్యూటీ ఉంటుంది, రాలేడని చెప్పేశాను.

ఆ సాయంత్రం మెస్సులో పళ్ళెం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఆళ్ళేమైనా ఫోన్ చేశారా?"

"చేశారు. వేరేవాణ్ణి పెట్టుకున్నారంట."

"పోన్లే అన్నా. వెల్డింగు చేసుకునేవోడికి స్టేజీలెందుకు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆరాధన కోసమే చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆరు వారాలు గిటారు లేకుండా పాడుకోలేమా? ఎన్నిసార్లు లెక్క వేసినా ఆ కారణం చాలడం లేదు. నాతోపాటు అదే బస్సులో పనికి వచ్చే మనిషికి ఎవరెవరో చప్పట్లు కొడతారంటే ఓర్చుకోలేకపోయాను. అలాంటి పిలుపు అతనికి మళ్ళీ రాలేదు.

మొన్న అలాంటి నాటకమే మళ్ళీ వేశారు. రెండు టికెట్లు తెచ్చి యేసుబాబుని తీసుకెళ్ళాను. విరామంలో చెప్పేయాలనుకున్నాను. పాట మొదలవగానే అతని ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద కదలసాగాయి. స్టేజీ మీద గిటారు స్వరం మారిన ప్రతిచోటా అవీ మారాయి. లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

విరామంలో నోరు తెరిచాను. అతనే ముందు మాట్లాడాడు.

"నువ్వు కాబట్టి తీసుకొచ్చావన్నా. నాకు ఇదంటే ఇష్టమని ఇంకెవరికి గుర్తుంటాది?"

వెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చాను.

వచ్చే నెల అతను వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్ళిపోతున్నాడు. అప్పటిలోగా చెబుతానా? నా మీద నాకు నమ్మకం లేదు. మీకు చెప్పడం అతనికి చెప్పడం కాదని తెలుసు. కానీ ఆ ఫోను వచ్చిందని, అతన్నే కావాలన్నారని, ఇప్పుడు నాతోపాటు ఇంకొక మనిషికి తెలుసు.