చక్రాల కింద నిమ్మకాయలు

మా ఆవిడ లోపల ఉండగానే బండి కదిలింది.

ముందు చక్రం కింద నేను పెడుతున్న నిమ్మకాయ చితికి, రసం నా వేళ్ల మీద పడింది. చేయి వెనక్కి లాక్కునేసరికి ఇల్లంత బండి నన్ను దాటి ఏటి వైపు దిగిపోతోంది. పక్క కిటికీలో ఆమె వీపు కనిపించింది. టీ పెడుతోంది.

"అక్కా! దుంకు! అక్కా!" నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్న బామ్మర్ది అరుస్తూ పరిగెత్తాడు. నేను కూర్చున్న చోటే ఉండిపోయాను.

హనుమకొండ సుబేదారిలో ఉండే మమ్మల్ని ఫ్రాన్స్ పల్లెల్లో తిప్పాలని బామ్మర్ది ముచ్చట. అతని ఉద్యోగం అక్కడే. వంట, పడక అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్ కిరాయికి తీసుకున్నాడు. మా ఆవిడ మొదటి రోజే నిమ్మకాయలు అడిగింది. మా ఇంట్లో స్కూటరైనా సరే, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే గేటు దాటదు.

"అక్కా, ఇది కిరాయి బండి. దీనికి పూజేంది?" అని బామ్మర్ది నవ్వాడు.

"కిరాయిదైతే చక్రాలు తిరగవారా?" అంది ఆమె.

కాయలు కొన్నాం కానీ, హడావిడిలో తొక్కించడం మరిచిపోయాం. ద్రాక్షతోటల మధ్య ఆ దారులు మరీ ఇరుకు. రెండు పక్కలా రాతి గోడలు. ఎదురుగా ట్రాక్టర్ కనిపిస్తే చాలు, ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. మూడో రోజు సాయంత్రం ఒక లారీ మా బండి సైడ్ అద్దాన్ని ఊడగొట్టుకుని పోయింది. ఆ భయంతోనే ఏటి ఒడ్డున, కాస్త వాలుగా ఉన్న చోట బండి ఆపాం. ముందు చక్రాలకు ప్లాస్టిక్ దిమ్మలు అడ్డం పెట్టాం.

తెల్లారి మా ఆవిడ నాతో అంది: "ఇయ్యాల నిమ్మకాయలు పెట్టనిదే బండి కదలొద్దు. నువ్వే పెట్టు. వాడు నవ్వుతడు."

కాయలు స్టీరింగ్ ముందు అరలో ఉన్నాయి. డ్రైవర్ తలుపు తీసి, ఏదో పట్టుకుని పైకెక్కి అందుకున్నాను. నిమ్మకాయ చక్రానికి తగలాలి కదా అని దిమ్మలు రెండూ తీసేశాను. వాలు సంగతి ఆలోచించలేదు.

ఒడ్డున మోకాలెత్తు రాతి గోడకు కొట్టుకుని బండి ఆగింది. గోడ అవతల నీళ్లే. మా ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. మరిగిన టీ ముంజేతి మీద పడి చర్మం ఎర్రగా పొంగింది.

"అద్దంలకెల్లి నీళ్లు కనవడ్డయ్. ఇగ అయిపోయిందనుకున్న," అంది. కాసేపటికి, "చూసినవా, నిమ్మకాయలు పెట్టినవ్ కాబట్టే గోడ అడ్డమొచ్చింది," అంది.

హ్యాండ్‌బ్రేక్ దిగి ఉంది. ఆ బండిలో అది డ్రైవర్ సీటుకూ తలుపుకూ మధ్య ఉంటుంది.

"బావా, నేను గుంజిన. నాకు మంచిగ యాదికున్నది," అన్నాడు బామ్మర్ది.

"నిన్న అద్దం వోయిన ఫికర్ల ఉంటివి కదరా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. అతను కిరాయి కంపెనీ కాగితంలో, బ్రేక్ వేయడం మరిచిపోయి ఉంటానని రాసి సంతకం పెట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

నేను విలేకరిగా ఉన్నప్పుడు మరిపెడ రోడ్డు మీద ప్రమాదం జరిగితే పేపర్‌కు 'డ్రైవర్ నిర్లక్ష్యమే కారణం' అని రాసి పంపేవాడిని, చాలా ఏళ్లు. ఆ డ్రైవర్లలో ఎంతమందిని అడిగి రాశానో ఇప్పుడు చెప్పలేను.

ఇప్పుడు సుబేదారిలో చదునైన నేల మీద కారు ఆపినా, దిగాక తిరిగి వచ్చి బ్రేక్ చూస్తాను. లోపల ఆమె కూర్చుని ఉంటే రెండుసార్లు చూస్తాను. ఆమె ముంజేతి మీద మచ్చ అలాగే ఉంది. బామ్మర్ది ఫోన్ చేసినప్పుడల్లా మచ్చ తగ్గిందా అని అడుగుతాడు, తన తప్పే అన్నట్టు.

ఆ పొద్దున నేను పట్టుకుని ఎక్కింది తలుపు పిడినో, బ్రేకునో నాకు తెలియదు. అలా ఎక్కానని వాళ్లిద్దరికీ ఇంకా చెప్పలేదు.